ఆది రవికలు

“ఆడ సంతలో నువ్వు నా పెండ్లామని ఎవరికీ చెప్పొద్దు,” అన్నాడు మా ఆయన అలీ అహ్మద్.

అప్పుడు నేను రవికలు సంచిలో సర్దుతున్నాను. కుట్టిన ప్రతి కొత్త రవికకూ దాని ఆదిని జత చేసి, గుడ్డపేలికతో కట్టి, నలగకుండా పేర్చాలి. ఆది అంటే కొలత కోసం ఇచ్చే పాత రవిక. ఒంటి మీద టేపు పెట్టించుకోవడం మా వైపు ఆడవాళ్లకు ఇష్టం ఉండదు, అందులోనూ కొలిచేది మగవాడైతే. ఒంటికి సరిగ్గా కుదిరిన పాతదొకటి చేతిలో పెట్టి ఇట్లాగే కుట్టమంటారు. పదకొండేళ్లుగా మా ఆయన గుంతకల్లు సంతకు పోయి సుగాలి ఆడవాళ్ల దగ్గర ఆదులు తెస్తాడు. జమ్మలమడుగులో మా వంటింటి పక్క గదిలో కూర్చొని నేను అద్దాల రవికలు కుడతాను. మళ్లీ ఆయనే తీసుకుపోయి ఇచ్చి వస్తాడు. వాకిలి పైన ‘అలీ అహ్మద్ లేడీస్ టైలర్’ అని బోర్డు కూడా ఉంది. ఆయనకు సూదిలో దారం ఎక్కించడం రాదు.

“మరి ఎవరని చెప్పాల?” అన్నాను.

“పనికొచ్చినా అను. అదీ అడిగితేనే. ల్యాకుంటే గమ్మున ఉండు.”

“పెండ్లామని చెప్తే ఏం పోతాది?”

“సంత సంగతులు నీకేం ఎరుక ఖమర్‌బీ. పెండ్లాం పక్కనుంటే బేరం తెగదు.”

అసలు నన్ను వెంట తీసుకుపోవడమే ఆయనకు ఇష్టం లేదు. మూడు వారాల కింద ప్రొద్దుటూరు దారిలో స్కూటర్ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మోచేతి దాకా సిమెంటు కట్టు. ఎడమ చేత్తో అన్నం తినడం తప్పని, ఆనాటి నుంచి నేనే కలిపి ముద్దలు చేసి నోట్లో పెడుతున్నాను. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. రెండు సంచులు ఒంటిచేత్తో మోయలేడు కాబట్టి, పదకొండేళ్లలో మొదటిసారి, నేను గుంతకల్లు చూడబోతున్నాను. ఎన్నిసార్లు అడిగానో. నేను కుట్టిన రవిక ఒక మనిషి ఒంటి మీద ఎట్లా ఉంటుందో చూడాలని ఉండేది. “ఆ రద్దీలో నీకేం పని,” అనేవాడు. మా అత్త షాహీదాబీ అయితే నవ్వేది. “వాడు ఎండన పడి తిరుగుతాంటే నువ్వు నీడన కూర్చుని సూది ఆడిస్తాండావు. ఆ సుఖం చాలదంటనా నీకు?”

ఆ సుఖం గురించి చెప్పాలంటే ఐదింటికి మొదలవుతుంది. వంట, బోకులు తోమడం, బట్టలు ఉతకడం, తర్వాత మిషను. ఒక్కో రవికకు నూట యాభై అద్దాలు, ఒక్కో అద్దానికి చుట్టూ చేతి కుట్టు. సాయంత్రం మిషను మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. లేచాక అత్త మంచం దగ్గర కూర్చుని ఆమె మోకాళ్లకు నూనె రుద్దాలి. ఆ నూనె మా ఆయన సంతకు పోయినప్పుడల్లా ఒక సీసా తెస్తాడు. ఏవో వేర్లు వేసి కాచిన నల్ల నూనె, ఘాటు వాసన. “తల్లినని నా కొడుకు ఎంత గుర్తు పెట్టుకొని తెస్తాడో చూడు,” అంటుంది అత్త, కాలు చాపుతూ. ఒకసారి నా మోకాళ్లకు రెండు చుక్కలు రాసుకోబోతే, “నీకేమే, వయసులో ఉండావు,” అని సీసా దిండు కింద పెట్టుకుంది. నాకప్పుడు సిగ్గేసింది, దొంగతనం చేసి దొరికినట్టు.

ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. ఈసారి నా భయానికి కారణం వేరే ఉంది. శుక్రవారం ఆయన ఎక్కడో పాత మిషను ఇంకొకటి కొని ఆటోలో తెచ్చాడు. తెచ్చి, మా కూతురు సకీనా చదువుకునే కిటికీ దగ్గర పెట్టించాడు. దాని పుస్తకాలు తీసి బీరువా మీద పెట్టాడు. సకీనా పది పాసయింది, మంచి మార్కులు. సోమవారం నుంచి ఇంటర్ క్లాసులు. “ఇంటికాడ మిషను పెట్టుకొని దానికి కాలేజీ ఏంది?” అన్నాడు. నేను బతిమాలాను. నేనే ఇంకా కుడతాను, ఇంకో గంట ముందు లేస్తాను అన్నాను. ఆలోచించినట్టు గడ్డం గోక్కొని, చివరికి ఒక మాట ఇచ్చాడు. “సుగాలోళ్ల తీజ్ పండగకు ఆర్డరు ఎంతొస్తాదో చూద్దాం. ఇరవై రవికలు వస్తే నువ్వొక్కదానివే చాలు, అది కాలేజీకి పోనీ. నలభై వస్తే మాత్రం కూర్చోవాల్సిందే.” అంటే నా బిడ్డ చదువు సంతలో తేలుతుంది. రేపు ఎవరో ఒకామె నోట్లోంచి వచ్చే అంకెను బట్టి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ముద్దనూరులో దిగి, స్టేషన్‌లో రైలెక్కాం. తాడిపత్రి దాటాక ఆయనకు ఆకలైంది. డబ్బా విప్పి బొరుగుల ఉగ్గాని పిడికిలితో తీసి నోట్లో పెడుతుంటే ఎదురు సీటు ముసలామె మురిసిపోయింది. “చిలకా గోరింకల మాదిరి ఉండారు,” అంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. చెప్పొద్దన్నది సంతలోనే గదా, రైల్లో కూడానా అనుకున్నాను.

గుంతకల్లు స్టేషన్ చూసి మాత్రం నేను అన్నీ మరిచిపోయాను. ఎన్ని ప్లాట్‌ఫాంలు, ఎన్ని పట్టాలు. “తెల్లదొరల కాలం నాటి జంక్షను. బొంబాయికీ మద్రాసుకీ బెంగళూరుకీ ఈడ నుంచే దారి,” అని ఆయన, తానే దగ్గరుండి కట్టించినట్టు చెప్పాడు. మెట్ల వంతెన మీద నిలబడ్డాను. కింద బండి ఒకటి కదిలిపోతోంది, ఇంకొకటి వస్తోంది. మైకులో మూడు భాషల్లో ఊళ్ల పేర్లు చదువుతున్నారు. ఒంటరిగా ఒక ఆడమనిషి, నా వయసే ఉంటుంది, బ్యాగు భుజానికేసుకొని తీరిగ్గా మెట్లు దిగి తన బండి ఎక్కింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. “బొమ్మ మాదిరి నిలబడొద్దు, నడువు,” అని ఆయన ముందుకు పోయాడు. వంతెన దిగినప్పటి నుంచి పది అడుగుల దూరం పెట్టాడు. నా తల మీద ఒక సంచి, చేతిలో ఒక సంచి. కూలిమనిషి అని వేరే చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది.

సంత రైల్వే క్వార్టర్స్ వెనక బయలులో. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు గోనెపట్టాలు పరిచి చింతపండు, కోళ్లు, చీపుర్లు, కాయలు పెట్టుకొని కూర్చున్నారు. పెద్దవాళ్ల చేతులకు మోచేతుల పైదాకా తెల్ల గాజులు. వాళ్ల ఆడపిల్లలు చుడీదార్లేసుకొని ఫోన్లు చూసుకుంటున్నారు. అరుపులు, నవ్వులు, మేకల గోల. ఆ మధ్యలో నా రవికలు నడిచి వస్తున్నాయి. ఎర్రదాని మీద పచ్చ అంచు, నిరుడు జ్వరంలో కుట్టింది. నీలందాని మీద గవ్వలు, సకీనా పక్కన కూర్చొని గుచ్చి ఇచ్చింది. ఎండ తగిలి అద్దాలన్నీ మెరుస్తున్నాయి. మా గదిలో ట్యూబులైటు కింద అవి ఎప్పుడూ అట్లా మెరవలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక వచ్చిన ఏడుపు, ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఈ ఆడవాళ్ల మొఖాలు నేనెప్పుడూ చూడలేదు గానీ వాళ్ల ఒళ్లు నాకు తెలుసు. ఆది రవిక చేతిలో పెట్టుకుంటే మనిషి తెలిసిపోతుంది. ఎవరు బరువులు ఏ పక్క మోస్తారో, ఎవరికి చంకలో చెమట ఎక్కువో తెలుస్తుంది. ఒకదానికి ఒక ఏడు ముందు పక్కంతా పాల మరకలుండేవి, తర్వాతి ఏడు పోయాయి. నల్లదారం అంచున్న ఇంకొకటి ఏడాదికేడాది చిన్నదవుతూ వచ్చింది. ఒళ్లు చిక్కుతోంది పాపం, ఏం జబ్బో అనుకునేదాన్ని. ఈసారి ఆ ఆది రాలేదు. రెండు దినాలు నాకు అన్నం సయించలేదు. ఏమైందని అత్త అడిగితే ఏం చెప్పను, మొఖం తెలియని మనిషి కోసం దిగులని చెప్తానా.

చింతపండు గంప ముందు కూర్చున్న ఒక పెద్దామెను దూరం నుంచే గుర్తుపట్టాను. ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం దిగి ఉంది. ఆయన నేరుగా ఆమె దగ్గరికే పోయాడు. ఆమె పేరు గోమ్లీబాయి, తండా ఆర్డర్లన్నీ ఆమే పోగుచేసి ఇస్తుందని తర్వాత తెలిసింది.

“చేతికేమాయెనప్పా మాస్టరూ?” అంది కట్టు చూసి.

“బండి మీంచి పడినా అక్కా.”

“అయ్యో. ఈ చేత్తో ఎట్ల కుడతావు? అది పోనీ, ఇంటికాడ ఆయమ్మకు ఎవరు పెడతాండారు బువ్వ?”

ఆయమ్మ అంటే మా అత్త అనుకున్నాను. సంచులు దించి, రవికలు ఒక్కొక్కటీ తీసి గోనెపట్టా మీద పరుస్తున్నాను. పక్కన చంకలో బిడ్డనెత్తుకున్న పడుచు పిల్ల ఒకతె వంగి నాకు చెప్పింది, “నీకు తెలుసు గదా అక్కా, ఈయప్ప పెండ్లాం మంచాన పడి పదకొండేండ్లు. నీళ్లు పోసి, తల దువ్వి, నోట్లో బువ్వ పెట్టి, మళ్లా కూర్చొని ఇన్ని రవికలు కుడతాడు. ఈ మాస్టరును చూసి నేర్చుకో అని మా ఇంటాయనకు దినమూ చెప్తా.”

నా చేతిలో రవిక చేతిలోనే ఉంది.

“ఏం చేద్దాం, మన రాత అట్లుంటే,” అన్నాడు అలీ అహ్మద్. గొంతు మెత్తగా, అలసటగా, నేనెప్పుడూ వినని గొంతు. నా వైపు చూడలేదు.

“నేనిచ్చే నూనె రుద్దుతాండావా కాళ్లకు?” అంది గోమ్లీబాయి. “కదుపుతాందా రవంతన్నా?”

“కదుపుతాందిలే అక్కా. కొంచెం కొంచెం.”

నా రెండు కాళ్ల మీద నేను నిలబడే ఉన్నాను. వాటిని చూసుకున్నాను. పదకొండేళ్ల కింద, సకీనా తర్వాత కడుపు పోయినప్పుడు, నిజమే, ఇరవై రోజులు మంచంలో ఉన్నాను. అప్పుడు కూడా పడుకొనే చేతి కుట్టు వేశాను. అప్పుడే ఈయన మొదటిసారి ఈ సంతకు వచ్చాడు. పెండ్లానికి బాగలేదని చెప్పి ఉంటాడు, వీళ్లు అయ్యో అని ఉంటారు. ఆ అయ్యో ఈయనకు రుచించి ఉంటుంది. ఇరవై రోజులకు నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను. ఇక్కడ మాత్రం నన్ను లేపలేదు. నేను వండినది, రుద్దినది, దువ్వినది, కుట్టినది అన్నీ తీసుకొచ్చి తన పేరున ఇక్కడ చెప్పుకున్నాడు. చేయగలిగే పనులన్నీ ఆయనవయ్యాయి, నాకు మంచం మిగిలింది. నా కాళ్ల కోసం ఈ తల్లి కాచి పంపిన నూనె, నా చేతులతోనే, అత్త కాళ్లకు రుద్దాను. పోట్లాడాలని ఉంది, ఆ కట్టు పట్టుకొని గుంజాలని ఉంది. కానీ ఇంకా అంకె రాలేదు. సకీనా అంకె. పళ్లు బిగపట్టి రవికలు పరుస్తూ ఉండిపోయాను.

“నువ్వెవరమ్మే?” అంది గోమ్లీబాయి నాతో. “ఆయమ్మను నువ్వు చూసుకుంటాండావా?”

“పనికొచ్చింది,” అన్నాడు ఆయన.

ఆమె ఆదుల మూట విప్పింది. పెద్ద మూట. “ఈసారి తీజ్ జోరుగా చేస్తాండారు మా తండాలో. పిల్లోల్లు కూడా మొలకల బుట్టలెత్తేటప్పుడు అద్దాల రవికే కావాలంటాండారు. నలభై ఉండాయప్పా. నీ చెయ్యి చూస్తే ఇట్లుంది. సగం వేరేవాళ్లకిస్తాలే.”

నాకు ఊపిరి వచ్చింది. సగమంటే ఇరవై.

“వేరేవాళ్లకెందుకక్కా,” అన్నాడు ఆయన. “నలభై నాకే ఇయ్యి. ఇంకో మిషను తెచ్చినా. ఇంట్లో నా కూతురుంది, పది పాసయింది. ఇంక చదివి ఏం చేస్తాది, కూర్చోబెడతా.”

“పాపం, తల్లి మంచాన ఉంటే ఆడపిల్లే గదప్పా చూసుకోవాల్సింది,” అంది గోమ్లీబాయి నిట్టూర్చి, మూట మొత్తం ఆయన వైపు జరిపింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ మంచం ఉత్త మాట కాదు. పదకొండేళ్లు నన్ను పడుకోబెట్టి, ఇప్పుడు నా బిడ్డను దానికి కట్టేస్తున్నాడు. లేని రోగికి సేవ చేయడానికి దాని చదువు మాన్పిస్తుంటే, ఇంతమంది ఆడవాళ్లు పాపం అంటున్నారు, మంచి పిల్ల అంటున్నారు.

“ఇరవై,” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“నిన్నెవరడిగినారు? గమ్మున ఉండు,” అన్నాడు ఆయన పళ్ల మధ్య నుంచి.

“ఇరవైకి మించి కాదక్కా. ఒక రవికకు మూడు దినాలు పడతాది. తీజ్‌కు అరవై దినాలుంది.”

“మాస్టరుకు తెలీనిది నీకెట్ల తెలుసు?” అంది గోమ్లీబాయి. కోపంగా కాదు, నన్ను మొదటిసారి సరిగా చూస్తూ.

“నీ ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం కిందికుంటాది. ఆ పక్క లోపల మడత ఎక్కువ పెడతా, అద్దాల వరస వాలకుండా. ఇప్పుడు తొడుక్కున్నది నిరుడు కుట్టిందే, చంక కింద చూసుకో, అద్దాలు గుచ్చుకుంటాయని ఆడ పూసలు పెట్టినా. ఎవరూ చెప్పలేదు, ఆదిలో ఆ జాగా చినిగి ఉంటే చూసి పెట్టినా.”

ఆమె చేయి ఎత్తి చంక కింద తడుముకుంది. పడుచు పిల్ల వైపు తిరిగాను, పాల మరకల ఆది ఆమెదేనని ఒంటి మీది రవిక కుట్టు చూస్తేనే తెలిసింది. “నీ బిడ్డకు పాలు మాన్పించినావు గదా. అంతకు ముందటేడు ముందు పక్క రెండు కుట్లు వదులు చేసినా, నిరుడు మళ్లా బిగించినా.” ఆ పిల్ల బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. అడగాల్సింది ఇంకొకటి ఉంది. “నల్లదారం అంచు ఆది ఒకటి వస్తాండె. ఏడాదికేడాది చిక్కిపోతా ఉండె ఆయమ్మ. ఈసారి రాలేదు. బాగుందా?”

గోమ్లీబాయి గంప పక్కకు జరిపి నా వైపు తిరిగింది.

“మా చెల్లెలు,” అంది. “ఉగాదికి ముందర పోయె. మాస్టరు మూడు తూర్లు వచ్చిపోయినాడు గానీ, ఆ ఆది ఏమాయెనని అడగల్యా.”

ఆయన కట్టు చెయ్యి తల దగ్గరికి తీసుకుపోయి, నా వైపు చూపిస్తూ, “అక్కా, దీనికి కొంచెం మతి...” అని మొదలుపెట్టాడు. ఇంకో జబ్బు. పదకొండేళ్ల కిందటి మాదిరే, ఇక్కడే, నా ముందే తయారవుతోంది.

గోమ్లీబాయి ఆయన మాట విననట్టే నన్ను అడిగింది. “మరి మంచాన ఉండేదెవరమ్మే?”

“నేనేనక్కా,” అన్నాను. “ఇయ్యాల లేచినా.”

ఎవరూ అరవలేదు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, అంటే బాగుండునని ఆయనకే అనిపించి ఉంటుంది. గోమ్లీబాయి మూట తన వైపు లాక్కుంది. అందులోంచి ఇరవై ఆదులు ఏరి, ఒక్కొక్కటీ ఎవరిదో పేరు చెప్పి, నా చేతికిచ్చింది. కొందరు అక్కడే ఉన్నారు, వాళ్లను పిలిచింది. పదకొండేళ్లలో మొదటిసారి మొఖాలు చూసి ఆదులు తీసుకున్నాను. ఒకామె దగ్గరికొచ్చి, ఆది వదులైంది టేపుతోనే కొలువమని చేతులు చాపింది. కొలిచాను. చివర్లో గోమ్లీబాయి గంప వెనక నుంచి నూనె సీసా తీసింది. అలవాటుగా ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని దాటించి సీసా నా చేతిలో పెట్టింది.

“మళ్లా నువ్వే రావాల,” అంది.

“నేనే వస్తానక్కా.”

స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు సకీనాకు ఫోన్ చేశాను. బీరువా మీది పుస్తకాలు దించుకోమన్నాను. “ఎంతొచ్చిందిమ్మా?” అంది, గొంతు సన్నగా. ఇరవై అన్నాను. అది ఫోన్లోనే ఏడ్చింది. ఆయన పక్కనే కూర్చొని విన్నాడు. కాసేపటికి, “రేపు ఏ మొఖం పెట్టుకొని పోవాల నేను ఆ సంతకు?” అన్నాడు. పోవద్దులే అన్నాను. దారి చూసినాను గదా అన్నాను.

రైలు గుత్తి దాటింది. సంచులు ఈసారి ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాను. ఆయన ఆకలేస్తోందని చెప్పడానికి రెండుసార్లు డబ్బా వైపు చూశాడు. నేను సీసా మూత తీసి, చీర కొంచెం పైకి జరిపి, మోకాలికి నూనె రుద్దుకోవడం మొదలుపెట్టాను. పదకొండేళ్లుగా తెలిసిన వాసనే. వెచ్చగా ఉంటుందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

“అంతా పోసుకుంటాండావే,” అన్నాడు. “మా అమ్మకు ఉంచవా?”

“ఇది మంచాన పడినామెకు ఇచ్చింది,” అన్నాను, రెండో మోకాలు చాపుకుంటూ.